వేళ్ళొకరివి, మొహమొకరిది

క్రాడ్లీ హీత్ ఊళ్ళో గ్రంథాలయం పక్కనున్న హాలు తలుపు మీద అంటించిన బొమ్మ చూడగానే క్లిఫ్ ట్రాంటర్‌కి వెనక్కి తిరిగి కారెక్కేద్దామనిపించింది. బొమ్మలో ఉన్నది తనే. ఇరవై మూడేళ్ళ వయసు, భుజాల దాకా జుట్టు, సగం బొత్తాలు పెట్టని పట్టు చొక్కా, తొడ మీదికి జారిన గిటారు. దాని కింద పెద్ద పెద్ద అక్షరాలు: "గ్రావెల్ లేన్ బృందం, 1974 టీవీ ప్రదర్శన. పోయిందనుకున్నది దొరికింది! ఆ రోజు వాయించింది వాయించినట్టుగా!"

ఆ చివరి మాట దగ్గరే ఉంది తిరకాసంతా. ఆ పాటలో గిటారు వాయించినవాడు ఆ బొమ్మలో లేడు. బొమ్మలో ఉన్నవాడు ఆ గిటారు వాయించలేదు. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఒకప్పుడు అరడజను మంది ఉండేవారు. ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోగా ఇప్పుడు క్లిఫ్ మిగిలాడు. ఇంకొకడికి కూడా తెలిసే ఉండాలి, కానీ అతన్ని అడిగే ధైర్యం క్లిఫ్‌కి యాభై ఏళ్ళలో ఒక్కసారీ కలగలేదు.

"రండి క్లిఫ్ గారూ! బయటే నిలబడిపోయారేం? కుర్చీలు చాలక చర్చి నుంచి మోయించుకొచ్చాం," అంటూ ఎదురొచ్చింది జూడిత్. ఈ మధ్యాహ్నపు కార్యక్రమం ఏర్పాటు చేసింది ఆవిడే. అరవై దాటినా పదహారేళ్ళ అభిమానిలా బుగ్గలు ఎర్రగా చేసుకుని తిరుగుతోంది.

"జూడిత్ గారూ, ఒక్క మాట. ఆ కాగితం మీద 'వాయించింది వాయించినట్టుగా' అని..."

"నేనే రాశాను! బాగుందా?"

"బాగుంది," అన్నాడు క్లిఫ్. పిరికివాడి నోటికి అంతకంటే ఏమొస్తుంది?

"ఇంకో మంచి మాట చెప్పనా? టెరీ మాబర్లీ గారు ఫోన్ చేశారు. మీకు పాత స్నేహితుడట కదా! ముందు వరసల్లో కుర్చీ అట్టిపెట్టమన్నారు. చూపు ఆనడం లేదట పాపం."

ఆ ఇంకొకడు టెరీ మాబర్లీయే.

గ్రావెల్ లేన్ బృందాన్ని పుట్టించింది టెరీ. క్లిఫ్‌కి గిటారు నేర్పిందీ అతనే. క్లిఫ్ పదిహేనేళ్ళవాడుగా ఉన్నప్పుడు, ప్రతి ఆదివారం మాబర్లీల ముందుగదిలో ఎదురెదురుగా కూర్చుని, "అలా నొక్కితే తీగ ఏడుస్తుందిరా, దాన్ని ఏడిపించాలంటే అడిగి ఏడిపించు" అంటూ వేలు పట్టుకుని నేర్పాడు. వాయిద్యంలో అంతటివాడు ఆ చుట్టుపక్కల పది ఊళ్ళలో లేడు. మనిషి మాత్రం నోట్లో నాలుక లేనివాడు. బొద్దుగా, సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలతో ఉండేవాడు. వేదిక మీద తన వంతు రాగానే సిగ్గుపడి జనానికి వీపు తిప్పేసేవాడు. జనం అతని గిటారు వినేవారు కానీ మొహం ఎవరికీ గుర్తుండేది కాదు.

'స్లో వాటర్' పాట రికార్డు చేసినప్పుడు వాయించింది టెరీయే. పాట మధ్యలో నలభై సెకన్ల పాటు గిటారు ఒక్కటే వస్తుంది. విన్నవాళ్ళు చేస్తున్న పని ఆపి నిలబడిపోయే నలభై సెకన్లు అవి. పాట జనంలోకి వెళ్ళింది, టీవీ వాళ్ళ నుంచి పిలుపొచ్చింది. అప్పుడు బృందం వ్యవహారాలు చూసే డగ్ వీవర్, క్లిఫ్‌ని పక్కకి పిలిచాడు.

"చూడు బాబూ, టీవీ అంటే మొహం. టెరీ వీపు చూడ్డానికి దేశమంతా టీవీల ముందు కూర్చోదు. నీ జుట్టుంది చూశావూ, అది పనికొస్తుంది. శుక్రవారం నువ్వు నిలబడు."

"మరి టెరీకి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాలే. నీకెందుకు ఆ గొడవ?"

ఆ రోజు 'వద్దు' అనడానికి నోరు రాలేదని క్లిఫ్ తర్వాత చాలామందితో అన్నాడు, పెళ్ళాంతో సహా. అది అబద్ధం. 'వద్దు' అందామన్న ఆలోచనే అతనికి రాలేదు. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి చొక్కాలు మార్చి మార్చి చూసుకున్నాడు.

ఆ రోజుల్లో టీవీలో కనబడాలంటే వాయిద్యగాళ్ళ యూనియన్ వారి నిబంధన ఒకటుండేది. రికార్డు పెట్టేసి ఉత్తినే చేతులాడిస్తే కుదరదు. ముందు రోజు స్టూడియోలో మూడు గంటలు కూర్చుని పాటంతా కొత్తగా వాయించి టేపు చెయ్యాలి. టీవీలో ఆ టేపు పెట్టుకుని చేతులాడించొచ్చు. గాయకుడు ఒక్కడూ అక్కడే గొంతు విప్పి పాడతాడు. వాయించేది కళ్ళారా చూసి వెళ్ళడానికి యూనియన్ నుంచి ఒక మనిషి వస్తాడు.

నెల్లాళ్ళు కిందా మీదా పడి చేసిన రికార్డు మూడు గంటల్లో మళ్ళీ ఎవడికొస్తుంది? అందుకని దేశంలో బృందాలన్నీ ఒక ఆచారం పెట్టుకున్నాయి. పని అయిందనిపించి, యూనియన్ మనిషిని పక్క వీధి పబ్బుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టడం. ఆయన రెండో గ్లాసులో ఉండగా ఇక్కడ కొత్త టేపు తీసేసి, రికార్డు టేపు ఆ డబ్బాలో పెట్టి చీటీ అంటించెయ్యడం. యూనియన్ మనిషికి తెలియదా అంటే, శుభ్రంగా తెలుసు. మూడో గంట మొదలయ్యేసరికి దాహంగా గడియారం చూసుకునేది ఆయనే. అందరికీ తెలిసిన దొంగతనం కాబట్టి అది దొంగతనం అని ఎవరికీ అనిపించేది కాదు. ఎవరి టేపు వాళ్ళే దొంగిలించుకున్నప్పుడు నష్టమేముంది?

గ్రావెల్ లేన్ విషయంలో మాత్రం ఆ డబ్బాలోకి వెళ్ళిన టేపులో టెరీ ఉన్నాడు.

ఆ గురువారం స్టూడియోలో క్లిఫ్ ఆ నలభై సెకన్లు తన చేతనైనట్టు వాయించాడు. పరవాలేదు, తప్పులేమీ పోలేదు. కానీ గదిలో ఎవరూ చేస్తున్న పని ఆపలేదు. డగ్ యూనియన్ మనిషి భుజం మీద చెయ్యి వేసి, "పదండి, గొంతు తడుపుకుందాం" అన్నాడు. శుక్రవారం సాయంత్రం టీవీ దీపాల వెలుగులో టెరీ వాయించిన స్వరాలు బయటికొస్తుంటే, కరెంటు తీగ కూడా తగిలించని గిటారు మీద క్లిఫ్ వేళ్ళు పరిగెత్తాయి. వేలికి వేలు సరిపోయింది. ఎందుకు సరిపోదు? ఏ స్వరానికి ఏ వేలో ఆ ముందుగదిలో కూర్చోబెట్టి నేర్పింది ఎవరు? కళ్ళు మూసుకున్నాడు, పెదవి కొరికాడు, చివర్న తల వెనక్కి విసిరాడు. కెమెరా అతని మొహం మీంచి కదల్లేదు.

సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అచ్చం అదే.

ఆ ఒక్క సాయంత్రంతో క్లిఫ్ ట్రాంటర్ గొప్ప గిటారు వాద్యగాడైపోయాడు. యాభై ఏళ్ళు ఆ పేరు మీద బతికాడు. ఆ నలభై సెకన్లు అతనికి ఏనాడూ టెరీలా పలకలేదు, కాబట్టి ప్రతి సభలోనూ వేరేగా, తేలిగ్గా వాయించేవాడు. "ఆయన వాయించిందే మళ్ళీ వాయించడు, నిజమైన కళాకారుడు" అని పత్రికలవాళ్ళు రాసేవారు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ క్లిఫ్ అవి చదివేవాడు. చదివి, కత్తిరించి, దాచుకునేవాడు కూడా.

టెరీ గ్యాస్ కంపెనీలో చేరి ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసుకుని రిటైరయ్యాడు. మళ్ళీ గిటారు పట్టుకుని వేదిక ఎక్కలేదు.

టీవీ వాళ్ళు ఆ ప్రదర్శన టేపు మీద ఎప్పుడో ఇంకేదో ఎక్కించేశారు. అది పోయిందని తెలిసినప్పుడు అభిమానులు ఏడ్చారు, క్లిఫ్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. ఇప్పుడు చనిపోయిన ఎవరో ఎలక్ట్రీషియన్ షెడ్డులో దాని నకలు దొరికింది. రంగులు లేవు, గీతలు పడ్డాయి, అయినా మొహం కనబడుతుంది. అది చాలదూ జనానికి?

హాలు నిండింది. టెరీ మూడో వరసలో వచ్చి కూర్చున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చినా అవే లావు కళ్ళద్దాలు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తెర పక్కన కుర్చీలో ఉన్న క్లిఫ్‌ని చూసి తల పంకించాడు. క్లిఫ్ కూడా తల పంకించి వెంటనే చూపు తిప్పుకున్నాడు.

దీపాలు తీశారు. తెర మీద గ్రావెల్ లేన్ మొదలైంది. గాయకుడు పోయి పదేళ్ళయింది, అతని గొంతు వినగానే వెనక ఎవరో ముక్కు చీదారు. నలభై సెకన్లు వచ్చాయి. హాల్లో ఊపిరి వినబడలేదు. క్లిఫ్ తెర చూడలేదు. చీకట్లో టెరీ ఎడమ చేతినే చూశాడు. మోకాలి మీద ఆ ముసలి వేళ్ళు కదులుతున్నాయి, ఒక్క స్వరం కూడా తప్పకుండా. తెర వైపు నుంచి వచ్చే స్వరాలూ, మూడో వరసలో ముసలాడి వేళ్ళూ కలిసి నడుస్తున్నాయి. ఆ పక్కనున్న ఆవిడ ఆ చేతిని చూడనేలేదు. నోరు తెరిచి తెర మీది మొహాన్ని చూస్తోంది.

భూమి బద్దలై తనని మింగేస్తే బాగుండుననిపించింది క్లిఫ్‌కి. భూమి అలాంటి పనులు అడిగినప్పుడు చెయ్యదు.

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. జూడిత్ మైకు పట్టుకుని అందరూ అడిగే ప్రశ్నే అడిగింది. "క్లిఫ్ గారూ, ఆ నలభై సెకన్లూ వాయిస్తున్నప్పుడు మీ మనసులో ఏముంది?"

దీనికి అతని దగ్గర తయారుగా ఉన్న జవాబుంది. "ఏమీ లేదండీ. వేళ్ళు వాటంతటవే వెళ్ళిపోయాయి." యాభై ఏళ్ళుగా అదే చెబుతున్నాడు. అందులో అక్షరం అబద్ధం లేదన్నది అతని తెలివి.

నోరు తెరిచాడు. టెరీ తల ఎత్తి చూస్తున్నాడు. కోపంగా కాదు, వెక్కిరింపుగా కాదు. మీటరు చూడటానికి వచ్చినవాడు తలుపు తీస్తారా లేదా అని గుమ్మంలో నిలబడినట్టు, ఊరికే చూస్తున్నాడు.

"నేను వాయించలేదు," అన్నాడు క్లిఫ్. గొంతు పీలగా వచ్చింది. మళ్ళీ అన్నాడు. "మీరు విన్నది నేను వాయించింది కాదు. అది టెరీ మాబర్లీ. అదుగో, మూడో వరసలో ఉన్నాడు. అతన్ని తీసేసి నన్ను నిలబెట్టారు. అతని టేపు పెట్టి నేను చేతులాడించాను. యాభై ఏళ్ళు చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

వెనక నుంచి ఎవరో, "అప్పట్లో అందరూ అదే చేసేవారు గురూ!" అని అరిచారు. హాలంతా నవ్వింది. చప్పట్లు కొట్టింది. ఇందాకటికంటే ఎక్కువ కొట్టింది. "ఎంత పెద్ద మనసండీ!" అంటూ జూడిత్ కళ్ళు తుడుచుకుంది. టెరీని లేపి నిలబెట్టారు, ఫోటోలు తీశారు. టెరీ టోపీ రెండు చేతులతో పట్టుకుని, అలవాటు కొద్దీ కాస్త వీపు తిప్పి నిలబడ్డాడు.

క్లిఫ్ గుండె తేలికపడింది. పడడమే కాదు, కాస్త ఉబ్బింది కూడా. నిజం చెప్పినవాడి దర్జా అప్పుడే మొహం మీదికి వచ్చేస్తోంది. మనిషి బుద్ధి అంతే, సిగ్గుపడటంలో కూడా మొదటి బహుమతి తనకే రావాలంటుంది.

టీ తాగేటప్పుడు ఇద్దరూ నడవలో బల్ల మీద కూర్చున్నారు.

"చెప్పేశాన్రా టెరీ," అన్నాడు క్లిఫ్.

"విన్నాలే. నాకు చూపే సరిగా లేదు. చెవులు బాగానే ఉన్నాయి."

"నీకు తెలుసా ముందే?"

"ఏంటా ప్రశ్న? నా చెయ్యి నాకు తెలియదా? మొదటి స్వరానికే తెలిసింది." టెరీ బిస్కట్టు టీలో ముంచాడు. "మా ఇంట్లోనే చూశాం, నేనూ మా నాన్నా. నాన్న గుర్తున్నాడా?"

గుర్తున్నాడు. ఆల్బర్ట్ మాబర్లీ ఇనప గొలుసుల కొలిమిలో నలభై ఏళ్ళు సుత్తి కొట్టిన మనిషి. ఆ మోతకి చెవులు సగం పోయాయి. ఆదివారాలు వాళ్ళు వాయించుకుంటుంటే తలుపు తోసి, "ఆ తీగలు పీకడం ఆపి కాస్త బొగ్గు పట్టుకురండ్రా" అనేవాడు.

"ఆయన నా వాయిద్యం ఏనాడూ మెచ్చుకోలేదు, నీకు తెలుసుగా," అన్నాడు టెరీ. "ఆ రోజు టీవీ గొంతు పూర్తిగా పెంచుకుని, ముందుకి వంగి కూర్చున్నాడు. నీ నలభై సెకన్లు... సరే, నా నలభై సెకన్లు అయ్యాక వెనక్కి వాలి, 'అదిరా వాయించడమంటే! నిన్నెందుకు తీసేశారో ఇప్పుడు తెలిసింది' అన్నాడు."

"మరి నువ్వు చెప్పలేదా ఆయనకి?" అన్నాడు క్లిఫ్.

"చెప్పాను. 'నాన్నా, అది నేనే, టేపు నాది' అన్నాను. 'నాకు కళ్ళున్నాయిరా అబ్బాయ్' అన్నాడు. మళ్ళీ చెప్పాను. అప్పుడు కోపమొచ్చింది ఆయనకి. 'ఓడిపోవడం తప్పు కాదు, అవతలివాడిది నాదనడం తప్పు. మాబర్లీల ఇంట్లో అలాంటివాళ్ళు లేరు. రేపు వాడెక్కడైనా కనబడితే వెళ్ళి చెయ్యి కలిపి, బాగా వాయించావని చెప్పు. నేను చూస్తుండగా చెప్పాలి' అన్నాడు."

ఆ మర్నాడు శనివారం. ఆ శనివారం సంగతి క్లిఫ్ ఎవరికీ చెప్పలేదు. సభలో చెప్పిన నిజంలో కూడా ఆ ముక్క వదిలేశాడు. హై స్ట్రీట్‌లో చేపల దుకాణం ముందు వరసలో నిలబడి, రాత్రి టీవీలో చూశామని చెప్పే ఆడపిల్లల మధ్య మెరిసిపోతుంటే, టెరీ జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. చెయ్యి చాచాడు. "బాగా వాయించావురా" అన్నాడు. నాలుగడుగుల వెనక ముసలి ఆల్బర్ట్ టోపీ సర్దుకుంటూ నిలబడ్డాడు. ఆడపిల్లలు వింటున్నారు. టెరీ దెప్పుతున్నాడనుకున్నాడు క్లిఫ్. యాభై ఏళ్ళూ అలాగే అనుకున్నాడు. తాను సిగ్గుపడుతున్నది కూడా ఆ దెప్పిపొడుపు గురించే అనుకున్నాడు.

"నేను రెండుసార్లు చెప్పాను, ఆయన నమ్మలేదు," అన్నాడు టెరీ. "నువ్వు చెబితే నమ్మేవాడు. ఆయన కళ్ళతో చూసింది నిన్ను కదా. అందుకే చెయ్యి పట్టుకుని వదల్లేదు. అంతసేపు ఎందుకు పట్టుకున్నాననుకున్నావురా? నాన్న పక్కనే ఉన్నాడు, ఇప్పుడంటావు, ఇప్పుడంటావు అని చూశాను. 'నాది కాదురా, నీదే' అని ఒక్క ముక్క."

"నేనేమన్నాను?" అన్నాడు క్లిఫ్. తెలిసే అడిగాడు.

"'థాంక్స్' అన్నావు."

హాల్లోంచి మళ్ళీ పాట వినబడింది. జనం అడిగి రెండోసారి వేయించుకుంటున్నారు.

"ఇంటికెళ్ళే దారిలో నాన్న అన్నాడు, 'చూశావా, అంత పేరొచ్చినా ఎంత మర్యాదగా ఉన్నాడో! వాణ్ణి చూసి నేర్చుకో' అని. ఇంకో ఏడేళ్ళు బతికాడు. పబ్బులో నీ పేరొస్తే, 'మా ఇంట్లో నేర్చుకున్నవాడే' అని చెప్పుకునేవాడు. నన్ను మాత్రం అవతలివాడి సొత్తు తనదని చెప్పుకున్న కొడుకులాగే చూశాడు. పోయేదాకా."

ఇందాక హాల్లో తేలికపడిన క్లిఫ్ గుండె రాయిలా కిందికి జారింది. క్షమించమని అడుగుదామనుకున్నాడు. ఎవరిని అడగాలి? అడగవలసినవాడు నలభై మూడేళ్ళుగా చర్చి వెనక మట్టిలో ఉన్నాడు.

"టెరీ, నేను..."

"వద్దులేరా. బాగానే చెప్పావివాళ. జనానికి నచ్చింది." టెరీ లేచి ఖాళీ కప్పు తీసుకెళ్ళి టీ బల్ల మీద బోర్లించి, టోపీ పెట్టుకున్నాడు. "మూడున్నర బస్సు దొరుకుతుందేమో చూస్తాను."

"కారుంది, దింపుతాను."

"బస్సు ఇంటి ముందే ఆగుతుంది," అన్నాడు టెరీ, గుమ్మం వైపు నడుస్తూ.

లోపల నలభై సెకన్లు అయిపోయాయి. హాలు మళ్ళీ చప్పట్లతో మోగింది. జూడిత్ తలుపులోంచి తొంగి చూసి, "రండి క్లిఫ్ గారూ, జనం మిమ్మల్నే అడుగుతున్నారు," అని పిలిచింది. క్లిఫ్ బల్ల మీంచి లేవలేదు. ఆవిడ మళ్ళీ పిలిచింది.